నీళ్ళకి మొహమాటం ఎక్కువ

టీచరమ్మ పోయారని మొన్న ఫోను వచ్చింది. చేసింది నాతోపాటు ఆశ్రమ పాఠశాలలో చదువుకున్న అమ్మాయి. "ఎవరు చెప్పారు? నువ్వు వెళ్ళి చూశావా? పేరు సరిగ్గా విన్నావా? ఆ వీధిలో ఇంకో రిటైర్డు టీచరు కూడా ఉన్నారు కదా?" అని నేను వరసబెట్టి అడుగుతుంటే అటుపక్క అది ఏడుస్తూనే నవ్వింది. "అచ్చం ఆవిడలాగే అడుగుతున్నావే" అంది. అప్పటికి గాని నాకు నమ్మకం కుదరలేదు. కుదిరాక నేను పనిచేసే స్కూలు స్టాఫ్‌రూములో అందరి ముందూ కూర్చుని ఏడ్చాను. పిల్లలు కిటికీలోంచి చూస్తున్నా ఆపుకోలేకపోయాను.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. మాకు ఆ పేరుతో ఎప్పుడూ పని పడలేదు. తొంభైల్లో డుంబ్రిగుడ వైపు మా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో టీచర్లు చాలామందే ఉండేవారు గానీ, టీచరమ్మ అంటే మాత్రం సైన్సు చెప్పే ఆవిడే. సొంతూరు కొండ కింద సాలూరు దగ్గర. చర్చికి వెళ్ళే కుటుంబం. పెళ్ళి చేసుకోలేదు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ మంచి మాటలు ఏరుకుని రాస్తారు. ఆవిడ గురించి అలా రాస్తే ఊరుకోరు. "ఇన్ని మంచి మాటలెందుకే? ఏటి దాస్తున్నావు?" అని అడుగుతారు. అందుకని ఉన్నమాటే చెబుతాను. మా టీచరమ్మ ఒట్టి అనుమానం మనిషి.

హాస్టలుకి కందిపప్పు బస్తా వస్తే మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునుంచి గుప్పెడు తీసి చూసేవారు. పైన ఉన్న పప్పు అందరికీ చూపించడానికి పోసిందనేవారు. ఒంట్లో బాలేదని ఏ పిల్లయినా పడుకుంటే నాలిక చూసి, కనురెప్ప దించి చూసి, ఆ తరవాత దిండు కింద కూడా చూసేవారు. దిండు కింద చింతపండు దొరికేది. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఒక కన్ను సగం తెరిచే ఉంచుతుందని ఆవిడ తమ్ముడే మాతో ఒకసారి అన్నాడు. ఆవిడ కాదనలేదు.

అన్నిటికన్నా ఎక్కువ అనుమానం నీళ్ళ మీద. గ్లాసుడు నీళ్ళిస్తే కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి వెలుతురులో పెట్టి చూసేవారు. వాసన చూసేవారు. కొంచెం వంచి, తేరుకోనిచ్చి, అడుగున ఏం నిలిచిందో చూసేవారు. ఆవిడ గ్లాసు నోటిదాకా తెచ్చేలోపు మేం అన్నాలు తిని కంచాలు కూడా కడిగేసుకునేవాళ్ళం.

"మంచినీళ్ళే టీచరమ్మా" అనేవాళ్ళం, నవ్వు ఆపుకుంటూ.

"మంచివని ఎవరు చెప్పారే? అవే చెప్పాయా?"

నీటి ధర్మాలు అనే పాఠం ఆవిడ చెప్పినట్టు నేను ఇంకెక్కడా వినలేదు. ఇప్పుడు అదే పాఠం నేనూ చెబుతాను, ఆవిడ మాటల్లోనే చెబుతాను. "నీళ్ళు చెడ్డవి కావే. వాటికి మొహమాటం ఎక్కువ. ఎవరొచ్చి తలుపు తట్టినా కాదనలేవు. ఉప్పొస్తే రా కూర్చో అంటాయి. పంచదారొస్తే రా కూర్చో అంటాయి. సున్నమొచ్చినా, ఇనుమొచ్చినా, ఆఖరికి రోగమొచ్చినా అదే మర్యాద. ఒక్క నూనెతోనే పడదు, దాన్ని గడప దాటనివ్వవు. ఆ మొహమాటం వల్లే మనం బతికున్నాం. నువ్వు తిన్న తిండి నెత్తుట్లో కలిసి కాలిగోటి దాకా పోవాలన్నా, మట్టిలో సారం వేరు పట్టుకుని ఆకుదాకా ఎక్కాలన్నా నీళ్ళు కరిగించుకుని మొయ్యాలి. జబ్బుపడేదీ ఆ మొహమాటం వల్లే. అందుకని నీళ్ళంటే ప్రేమగా ఉండండి. నమ్మకం మాత్రం పెట్టుకోకండి."

ఇంత చెప్పి, పరీక్షలో మాత్రం మొహమాటం అని రాయొద్దనీ, పుస్తకంలో ఉన్నట్టు విశ్వ ద్రావణి అనే రాయమనీ హెచ్చరించేవారు. రాసినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. వాళ్ళకి మార్కులు వెయ్యలేదు గానీ, ఆ పేపర్లు స్టాఫ్‌రూములో అందరికీ చదివి వినిపించుకున్నారని తరవాత తెలిసింది.

ఒకసారి తెల్ల చామంతిని కాడతో సహా కోసి ఎర్ర సిరా కలిపిన నీళ్ళలో పెట్టి, రేపు చూడండి అన్నారు. మర్నాటికి రేకుల అంచులన్నీ ఎర్రబడ్డాయి. క్లాసంతా చప్పట్లు కొడుతుంటే ఆవిడ ముఖం గంటు పెట్టుకున్నారు. "చప్పట్లెందుకు? తెల్లపువ్వు తీసేసి నేను ఎర్రపువ్వు పెట్టలేదని మీకేటి నమ్మకం?" అన్నారు. నేను లేచి, "మీరు మార్చలేదు టీచరమ్మా. నిన్న కాడకి నేను దారం కట్టాను, అది అలాగే ఉంది" అన్నాను. ఆవిడ వచ్చి దారం చూశారు. ముడి చూశారు. నా రిబ్బనులోంచి లాగిన పోగుతో సరిపోల్చి చూశారు. అప్పుడు నా నెత్తిమీద చెయ్యి వేసి, "ఇది చదువుకుంటుంది" అన్నారు. నన్ను చూసి ఆ మాట అన్న మొదటి మనిషి ఆవిడ. మా ఇంట్లో కూడా ఎవరూ అనలేదు.

మా వైపు చలికాలం పొద్దున్నే గెడ్డ మీద పొగలు లేస్తాయి. వాగుని మేం గెడ్డ అంటాం. స్నానానికి వెళ్ళాలంటే మాకు ఏడుపొచ్చేది. "నీళ్ళు బేగి వేడెక్కవు, బేగి చల్లారవు. ఇప్పుడు గాలికన్నా గెడ్డే వెచ్చగా ఉంటుంది, దిగి చూడండి" అనేవారు. మమ్మల్ని తొందరగా తెమల్చడానికి వేసిన ఎత్తని మా అనుమానం. ఒకమ్మాయి బొటనవేలు ముంచి చూసి నిజమేనంది. "మరి మీరు దిగరేం టీచరమ్మా?" అని అడిగాం. శాలువా చెవుల మీదికి లాక్కుని, "వెచ్చగా ఉంటుందని నాకు తెలుసు కదే. తెలియనివాళ్ళు దిగాలి" అన్నారు. ఆవిడకి మాత్రం కట్టెల పొయ్యి మీద కాగు నిండా వేడినీళ్ళు సిద్ధంగా ఉండేవి.

ఆవిడ అందర్నీ అనుమానించినట్టే మా కొండమీది వాళ్ళు ఆవిణ్ణి అనుమానించేవారు. అందులో వింతేమీ లేదు. కింద నుంచి పైకొచ్చిన మనిషి ఏదో ఒకటి పట్టుకుపోవడానికే వస్తాడని మా వాళ్ళ అనుభవం. చింతపండు తూకంలో పోయింది, భూములు కాగితాల్లో పోయాయి. ఇక ఈవిడ చూస్తే ఒంటరి ఆడమనిషి. గది నిండా గాజుసీసాలు. నీలం మంట దీపం ముందు కూర్చుని తనలో తను మాట్లాడుకుంటుంది. చిల్లంగి, చేతబడి తెలిసిన మనిషని కొందరు, పిల్లల్ని తమ మతంలో కలుపుకోవడానికి వచ్చిందని కొందరు అనుకునేవారు. ఈ మాటలు ఆవిడ చెవిన పడకుండా ఎలా ఉంటాయి? కానీ కోపం తెచ్చుకోలేదు. "ఇన్నాళ్ళు మోసపోయినవాళ్ళు నన్ను చూడగానే నమ్మేస్తే నాకే భయం వేసేది" అనేవారు.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆవిడ ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి స్కూలు ఆవరణలో బోరు వేయించారు. చేత్తో కొట్టే బోరింగు. మొదటి బిందె పట్టుకుని మేం కేకలేసుకుంటూ వంటింటికి పరిగెత్తాం. ఆ నీళ్ళతో వంటామె టీ పెట్టింది. టీ కాస్తా సిరాలాగా నల్లగా అయిపోయింది. అన్నం గోధుమరంగు తిరిగింది. రాత్రి తేటగా పట్టిన బిందె తెల్లారేసరికి తుప్పు రంగులో ఉంది. వంటామె ఆ టీని పెరట్లో పారబోసి చేతులు కడుక్కుని, ఆ చేతులు కూడా వాసన చూసుకుంది.

అంతే, కథ అక్కణ్ణుంచి మొదలైంది. బోరు నీళ్ళలో టీచరమ్మ ఏదో కలిపిందన్నారు. నేల లోపలినుంచి వచ్చే నీళ్ళలో ఎలా కలుపుతుందని ఎవరూ అడగలేదు. బోరు నీళ్ళే తాగమని ఆవిడ చెప్పినప్పుడు మేమందరం తల ఊపి, ఎవరూ చూడకుండా గెడ్డకి పోయి దోసిళ్ళతో తాగి వచ్చేవాళ్ళం. గెడ్డ నీళ్ళు అద్దంలా ఉండేవి. అడుగున గులకరాళ్ళు కనిపించేవి. అలాంటి నీళ్ళని కాదని తుప్పు నీళ్ళు ఎవరు తాగుతారు?

వానలు పట్టాయి. హాస్టల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఒకమ్మాయిని డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకెళ్ళారు. అది బతికింది, కానీ దాన్ని మళ్ళీ స్కూలుకి పంపలేదు. టీచరమ్మకి నిద్ర లేదు. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు చెంచాతో మాకు పట్టిస్తూ మంచాల మధ్య తిరిగేవారు. ఒక పొద్దున బోరింగు దగ్గర నిలబడి నేలకేసి చూసి మా అందర్నీ పిలిచారు.

"ఇక్కడ నేల పొడిగా ఉంది. వానలేని ఈ రెండ్రోజులూ ఈ బోరు ఎవరూ కొట్టలేదు. మరి మీరు తాగుతున్నది ఏ నీళ్ళే?"

ఆవిడ మా ముఖాలు ఒక్కొక్కటీ చూశారు. ఆ తరవాత గెడ్డ వైపు చూశారు. ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది.

మర్నాడు సంత. సంతకొచ్చిన తల్లిదండ్రులు పిల్లల్ని చూడ్డానికి స్కూలుకి వచ్చారు. చూడ్డానికి కాదు, తీసుకుపోవడానికే వచ్చారని అందరికీ తెలుసు. ఆవిడ అందర్నీ అరుగుమీద కూర్చోబెట్టి రెండు గాజు గ్లాసులు పెట్టారు. ఒకదాన్లో గెడ్డ నీళ్ళు, ఒకదాన్లో బోరు నీళ్ళు. గుప్పెడు జామాకు నలిపి రెండింట్లో వేశారు. గెడ్డ నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉండిపోయాయి. బోరు నీళ్ళు చూస్తుండగానే నల్లబడ్డాయి. ఇది వట్టి ఇనుమనీ, ఆకులో వగరు తగిలితే నల్లబడుతుందనీ, దీనివల్ల ప్రాణం పోదనీ చెప్పడం ఆవిడ ఉద్దేశం. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చేలోపే ఒకాయన లేచి నిలబడ్డాడు.

"సూసినారా, ఇసం. తనే సూపించీసింది" అన్నాడు.

ఆ తరవాత ఆవిడ చెప్పింది ఎవరూ వినలేదు. ఆకు తాకితేనే నల్లబడే నీళ్ళు పేగుల్లోకి పోతే ఏమవుతుందని వాళ్ళ భయం. తప్పు పట్టలేను, నేనూ ఆ గ్లాసుకి దూరంగా జరిగాను. పిల్లల పెట్టెలు ఒక్కొక్కటే గేటు దాటాయి. వాళ్ళలో కొందరు మరుసటి ఏడాది వచ్చారు, కొందరు రానే లేదు. చాలా ఏళ్ళ తరవాత సాలూరులో ఆవిడ ఇంటికి వెళ్ళినప్పుడు కూడా ఆ మాటే తలుచుకునేవారు. "ముందు చెప్పి తరవాత చూపించాల్సింది. కళ్ళు బెదిరాక చెవులు వినవు. ఆ జామాకు నా తప్పే" అని. రిటైరై పెద్ద వయసులో, మోకాళ్ళ నొప్పులతో మంచం మీద కూర్చుని కూడా, రాకుండాపోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పి ఇప్పుడెక్కడున్నారో కనుక్కోమనేవారు. నేను కనుక్కుని చెబితే, నిజంగా చూసొచ్చావా, విని చెబుతున్నావా అని అడిగేవారు.

ఆ రోజు ఆఖర్న వచ్చింది మా మామ్మ, మా నాన్నని కన్న తల్లి. నెత్తిమీద అడ్డాకుల కట్ట, భుజాన ఆనపకాయ బుర్రలో తన నీళ్ళు. మామ్మది కూడా మామూలు అనుమానం కాదు. సంతకి తన తవ్వ తను పట్టుకెళ్ళేది, షావుకారు తవ్వతో కొలవనిచ్చేది కాదు. బస్సు ఎక్కితే టికెట్టు మీద వేసిన చిల్లు కూడా తిప్పి చూసుకునేది.

"పెట్టి సర్దు గుంటా. ఇంటికి పోద్దుం" అంది.

ఇంటికి వెళ్తే మళ్ళీ రావడం ఉండదు. మా అక్కని అలాగే ఒక వానకాలం జ్వరమని తీసుకెళ్ళారు, మరుసటి ఏడాదికి పెళ్ళయిపోయింది. నాకు చదువుకోవాలని ఉంది. ఎంత ఉందంటే, రేకు పెట్టె చేత్తో పట్టుకున్నాక కాళ్ళు కదల్లేదు. ఏడుస్తూ టీచరమ్మ వైపు చూశాను. ఆవిడ మామ్మని బతిమాలుతారనుకున్నాను. ఆవిడ బతిమాలలేదు.

"తీసుకెళ్ళండి మామ్మా. ఇంటికెళ్ళి ఏ నీళ్ళు తాగిస్తారు?"

"గెడ్డ నీల్లు. నాను తాగినాను, మా అత్త తాగింది. సచ్చిపోనానా?"

"మీరు బతికారు. మీ పిల్లలందరూ బతికారా?"

మామ్మకి పుట్టినవాళ్ళలో మా నాన్న ఒక్కడే మిగిలాడు. మిగతావాళ్ళు పసితనంలోనే, వానల్లోనే పోయారు. ఈ సంగతి టీచరమ్మకి నేను చెప్పలేదు. ఆవిడ అనుమానించి అడిగారు, అంతే.

"అది వానకాలం రోగం. నీల్లు కాదు" అంది మామ్మ.

"అవునో కాదో మీరే చూడండి. నేను దేన్నీ ముట్టుకోను, ఆ గోడ దగ్గర నిలబడతాను. ఉప్పు మీదే, నీళ్ళు మీవే, దొప్ప మీదే" అంటూ టీచరమ్మ నిజంగానే వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డారు.

మామ్మ ఆవిడ చేతులకేసి చూసింది. కట్టలోంచి ఒక ఆకు తీసి దొప్ప కుట్టింది. బుర్రలోంచి నీళ్ళు పోసింది. సంతలో కొన్న ఉప్పు కొంగుముడి విప్పి, ఒక కల్లు తీసి వేలితో కలిపింది.

"ఉప్పు కనిపిస్తోందా మామ్మా?"

"నేదు."

"అయితే పోయిందా?"

"ఎక్కడికి పోతాది? ఉంది. కరిగీసింది."

"కళ్ళకి కనబడకుండా ఉందని మీకెలా తెలుసు?"

"నానే కదేటి ఏసినాను" అంది మామ్మ విసుగ్గా.

"మీరు వెయ్యకుండా, పైన ఇంకెవరో వేసుంటే?"

మామ్మ దొప్పలోకి చూస్తూ ఉండిపోయింది. జీవితమంతా అంబలిలో ఉప్పు వేసుకుని తాగిన మనిషి. ఉప్పు మాయం కావడం ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూసింది. తరవాత తల తిప్పి గెడ్డ వచ్చే వైపు, పైన ఉన్న ఊళ్ళ వైపు, పశువులు దిగే రేవు వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. షావుకారు తవ్వ వైపు అలాగే చూసేది.

"మరి ఆ నల్లదేటి?" అంది.

"మీ కత్తిపీట మీద పచ్చి ఉసిరికాయ కోస్తే కత్తి ఏ రంగు తిరుగుతుంది?"

"నల్లబడతాది."

"అదే ఇనుము, అదే వగరు. కత్తి నల్లబడిందని ఉసిరికాయ పారేస్తామా?"

మామ్మ ఒప్పుకోలేదు, కాదనలేదు. లేచి బోరింగు దగ్గరికి నడిచింది. "ముందు నువ్వు తాగు" అంది టీచరమ్మతో. పెట్టె వదలకుండా ఒంటిచేత్తోనే నేను కొట్టాను. టీచరమ్మ గ్లాసు పట్టి, అలవాటు కొద్దీ వెలుతురుకి ఎత్తి చూశారు, వాసన చూశారు, తేరుకోనిచ్చారు. అంతమంది పిల్లలు వెళ్ళిపోయిన రోజున, ఆ ఉన్న ఒక్కర్తినీ నిలబెట్టుకోవాల్సిన సమయంలో కూడా చూడకుండా తాగలేకపోయారు. మామ్మ నన్ను తీసుకుని వెళ్ళిపోతుందని భయపడ్డాను. మామ్మ మాత్రం ఆవిణ్ణి కొత్తగా చూసింది.

"సొంత నీల్లనే నమ్మదేటే ఈయమ్మ?" అంది నాతో మెల్లగా.

"ఎవర్నీ నమ్మదు మామ్మా" అన్నాను.

టీచరమ్మ తాగి, గ్లాసు బోర్లించి చూపించారు. "మిమ్మల్ని మింగమనను. పుక్కిలించి ఉమ్మెయ్యండి, రుచి చూడండి చాలు" అన్నారు.

మామ్మ దోసిలి పట్టింది. నేను కొట్టాను. పుక్కిట నిండా పట్టి నోరు మూసుకుంది. బుగ్గలు రెండూ ఉబ్బి ఉన్నాయి. అలాగే టీచరమ్మని చూసింది. పెట్టె పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. నన్ను రమ్మనాలంటే ఆ నీళ్ళు మింగాలి, లేదా ఉమ్మాలి. మామ్మ రెండూ చెయ్యలేదు. వంగి అడ్డాకుల కట్ట నెత్తికెత్తుకుని గేటు వైపు నడిచింది.

టీచరమ్మా నేనూ చూస్తూ నిలబడ్డాం. మామ్మ గేటు దాటింది, బురదలో చూసి అడుగులేస్తూ రోడ్డెక్కింది. ఉమ్మడానికి పక్కకి వంగుతుందేమోనని చూశాం, వంగలేదు. వెనక్కి తిరుగుతుందేమోనని చూశాం, తిరగలేదు. రోడ్డు మలుపు తిరిగి కొండ చాటుకి పోయేదాకా నెత్తిమీద కట్ట కదలకుండా అలాగే వెళ్ళింది.

"మింగిందంటావా?" అన్నారు టీచరమ్మ, మలుపు మీంచి చూపు తిప్పకుండా.

"ఏమో టీచరమ్మా" అన్నాను. పెట్టె కింద పెట్టాను.